మహాలోయ యొడ్డున మంచె

ప్రయాణము తలపెట్టిన గృహిణికి మొదట కలుగు చింత తిండిని గూర్చినది, రెండవ చింత పడకను గూర్చినది. తిండికి పులిహోర మూట కట్టుకొనవచ్చును. పడక నెట్లు మూట కట్టుదుము? మా పెద్దల కాలమున ఎడ్లబండిలో వరిగడ్డి పరచి, దానిపై బొంత వేసి, గూడు క్రింద పిల్లలను పరుండబెట్టి, తాము బండి నీడను తల దాచుకొని కోటప్పకొండ తిరునాళ్లకు పోయి వచ్చెడివారు. బండికి బదులు కారు వచ్చినది గాని ఆ రెండవ చింత మాత్రము తీరలేదు. 2023వ సంవత్సరము మే నెలలో మేము అమెరికా దేశమందలి గ్రాండు కాన్యను అను మహాలోయను చూడబోయి, రెండు రాత్రులు ఆరుబయట గడపి వచ్చితిమి. ఆ పడకను గూర్చి మాకు తెలియవచ్చిన సంగతులు సోదరీమణులకు ఉపయోగపడవచ్చునని తలచి యిచట వ్రాయుచున్నాము.

మేము అరిజోనా రాష్ట్రములోని ఫీనిక్సు నగరమున కాపురమున్నాము. మామగారు గతించిన పిమ్మట అత్తగారు మొదటిసారిగా డిసెంబరు నెలలో మా యింటికి వచ్చి, ఆరు మాసములుండి, జూను మొదటి వారమున స్వదేశమునకు తిరిగి పోవలసియుండిరి. వారిది పల్నాటి సీమ. నరసరావుపేటకు చేరువనున్న పల్లె వారి పుట్టినిల్లు. మహాలోయ యొడ్డున మేదరు క్యాంపు అను విడిది కలదు. అచటి స్థలములకు ఆరు నెలలు ముందుగనే వ్రాయించుకొనవలయును. అత్తగారు రాకమునుపే, నవంబరులో, పిల్లల కోరికపై మేమొక స్థలము తీసికొనియుంటిమి. ఒక్కొక్క స్థలమున ఆరుగురు మనుష్యులు, రెండు బండ్లు, మూడు డేరాల వరకు ఉండవచ్చును. మనుష్యులకు కొదువ లేదు గాని, పడుకొనవలసినది నేలమీద. అత్తగారికి మోకాళ్ల నొప్పులు. లోయ యొడ్డున నున్న వసతి గృహములను విచారించితిమి గాని ఒక్క గదియు ఖాళీ లేకపోయెను.

సంగతి వినినంతనే అత్తగారు తామే తీర్పు చెప్పివేసిరి. "నేలమీద పడుకోవడానికి నాకేం నామోషీ లేదమ్మాయీ, చిన్నప్పటినుంచీ పడుకున్నదే. పడుకున్నాక లేవడమే నా వల్ల కాదు. మీరు పిల్లల్ని తీసుకొని వెళ్ళి రండి. నేను ఇల్లు కనిపెట్టుకొని ఉంటాను" అనిరి. పొరుగున నున్న తెలుగు గృహిణి రెండు పూటల వచ్చి చూచి పోవుదుననెను. ఒప్పుకొనుటకు సిగ్గుగా నున్నది గాని, ఆ మాటలతో మా మనస్సు ఒకింత తేలికపడెను. వారిని లేవనెత్తి కూర్చుండబెట్టు శ్రమ తప్పినది గదా యనుకొంటిమి. మా అమ్మాయి మాత్రము ఆ యేర్పాటునకు ఒప్పుకొనక, "నాయనమ్మ రాకపోతే నేనూ రాను" అని భీష్మించెను. పండ్రెండేండ్ల పిల్ల చెప్పిన మాట మాకు తోచనందుకు లోలోపల నొచ్చుకొని, నేలకంటక పరుండు ఉపాయ మేదైన కలదా యని వెదుక నారంభించితిమి.

అట్లు వెదకగా దొరకినది డేరా మంచము. దీనిని ఈ దేశమున టెంట్ కాట్ అందురు. చూచుటకు మన పందిరిమంచమునకు చెల్లెలివలె నుండును. అల్యూమినియపు గొట్టముల మడత మంచముపై గట్టి గుడ్డ బిగువుగా కట్టబడియుండును. ఆ మంచమునకే కుట్టినట్లు పైన ఒక చిన్న డేరా నిలుచును. రెండు ప్రక్కల గుడ్డ తలుపులు, వానికి దోమతెర కిటికీలు, వాన కురిసినచో పైన వేయుటకు వేరొక కప్పు. మేకులు దిగగొట్టవలసిన పని లేదు. తన కాళ్లపై తానే నిలుచును. మేము కొన్నది ఒక మనిషికి సరిపడునది. బరువు 14 కిలోలు. పరుండు గుడ్డకును నేలకును నడుమ 28 సెంటిమీటర్ల యెడము. మడిచినపుడు కారు వెనుక భాగమున వెడల్పైన పలకవలె నిలువబడెను గాని, రెండు పెట్టెల చోటు మ్రింగివేసెను.

కొన్న రాత్రియే దానిని మా పెరటిలో పరచి చూచితిమి. అత్తగారు అంచున కూర్చుండి, కాళ్లు లోనికి మడిచి, సుఖముగా పరుండిరి. ఈ ఎడారి సీమలో తేళ్ల భయము మెండు. నేలకు జానెడు పైన, నాలుగు వైపుల తెర మూసికొని పరుండినచో ఆ భయము చాల వరకు తగ్గును. గుడ్డ క్రిందనుండి గాలి తగులుటచే వేడి రాత్రియందును ఒడలు చల్లబడెను. "ఇది మంచం కాదర్రా, మంచె" అని అత్తగారు నవ్విరి. బాల్యమున వారు తండ్రిగారి జొన్నచేలో మంచెపై కూర్చుండి ఒడిసెలతో పిట్టలను తోలినవారు. నాటినుండి మా యింట దానికి మంచె యనియే పేరు స్థిరపడెను. ఏ గాలి ఆ రాత్రి మాకు సుఖమిచ్చెనో, ఆ గాలియే మరి మూడు దినములలో బాధ పెట్టగలదని మాకు స్ఫురింపలేదు. అమ్మినవారును ఆ మాట చెప్పలేదు.

ఫీనిక్సునుండి మహాలోయ దక్షిణపు టొడ్డునకు సుమారు 370 కిలోమీటర్లు. ఉదయము బయలుదేరినపుడు ఊరిలో ఎండ మండుచుండెను. మొదటి గంటలో దారికి రెండు వైపుల నిలువెత్తు జెముడు చెట్లు చేతులెత్తి నిలుచున్న మనుష్యులవలె కనుపించును. పోనుపోను దారి పైకెక్కును; జెముళ్లు పోయి పొదలు, పొదలు పోయి ఫ్లాగ్‌స్టాఫు పట్టణము చేరుసరికి దేవదారును బోలిన పైను చెట్ల అడవులు వచ్చును. ఫీనిక్సు సముద్రమట్టమునకు 330 మీటర్ల యెత్తున నుండగా, లోయ యొడ్డు సుమారు 2,100 మీటర్ల యెత్తున నున్నది. ఒక్క పూటలో మండుటెండనుండి శీతల దేశమునకు పోయినట్లగును. అచట మే నెలలో పగటి వేడిమి సగటున 21 డిగ్రీలు, రాత్రి 4 డిగ్రీలు.

విడిది చేరి, కారును గాలి వీచు వైపున నిలిపి, దాని చాటున మంచెను నిలబెట్టితిమి. ఇందు రెండు లాభములు గలవు. కారు గోడవలె గాలి నాపును. అదిగాక, లేచునపుడు పట్టుకొనుటకు ఊత దొరకును. మంచె యెత్తు కుర్చీ యెత్తుకంటె చాల తక్కువ గావున, మోకాళ్ల నొప్పులు గలవారికి ఊత లేక లేచుట కష్టమే. అత్తగారు ఒక చేత కారు తలుపును, ఒక చేత మనుమని భుజమును పట్టుకొని లేచిరి. మావారును చిన్నవాడును నేలమీది డేరాలోను, మేమును అమ్మాయియు కారు వెనుక సీట్లు మడిచి అందును పరుండునట్లు ఏర్పాటు.

వంట సంగతి యొక్కటి చెప్పవలయును. అంత యెత్తున నీరు సుమారు 93 డిగ్రీలకే మరగును; కావున నీరెంత తెర్లినను పప్పు త్వరగా ఉడకదు. గ్యాసు పొయ్యిపై గిన్నె పెట్టి గంటసేపు కాచుకొని కూర్చుండి, కడకు కుక్కరు తీసితిమి. కొండ ప్రయాణమునకు పోవువారు కుక్కరును మరువరాదు. అడవిలో పుల్లలేరుట అచట నిషిద్ధము, కట్టెలు కొనుక్కొనవలసినదే. రాత్రి పది గంటలు దాటిన పిమ్మట సద్దు చేయరాదు. పప్పన్నము, మాగాయ, పెరుగుతో భోజనము ముగించి, అత్తగారికి దూది దట్టించిన నిద్రసంచి నిచ్చి, పైన రెండు కంబళ్లు కప్పి, కిటికీలన్నియు బిగించి, మేము పోయి పరుంటిమి.

తెల్లవారుజామున నాలుగు గంటలకు మెలకువ వచ్చి, కారు అద్దములోనుండి చూడగా మంచె తలుపు తెరచియుండెను. లోపల మనిషి లేదు. మా గుండె ఝల్లుమనెను. చెప్పులైన తొడుగుకొనక పరుగెత్తి చూడగా, చల్లారిన పొయ్యి ప్రక్కనున్న బల్లమీద, కంబళి తలమీదుగా కప్పుకొని, చేతులు ముడుచుకొని అత్తగారు కూర్చుండియుండిరి. పెదవులు వణకుచుండెను. "పన్నెండింటికే లేచానమ్మా. వీపు కిందనుంచి చలి కోసేస్తోంది. పిల్లలు లేస్తారని పిలవలేదు" అనిరి. నాలుగు గంటల కాలము వారొక్కరును ఆ చీకటిలో కూర్చుండగా మేము కారులో వెచ్చగా నిద్రించుచుంటిమి. వారిని కారులో కూర్చుండబెట్టి, ఇంజను నడిపి వెచ్చదనము కల్పించి, వేడి కాఫీ ఇచ్చుసరికి తెలతెలవారెను. మావారు ముఖము చిన్నబుచ్చుకొని, నాడే తిరిగిపోవుదమనిరి.

అందులకు అత్తగారే ఒప్పుకొనలేదు. ఒడలు వెచ్చపడిన పిమ్మట మంచె చుట్టును తిరిగి, క్రింద చేయి పెట్టి చూచి, "పైన ఎన్ని కంబళ్ళు కప్పితే ఏం లాభం? కిందనుంచి గాలి పోతోంది. మా చేలో మంచె మీద ముందు జొన్నచొప్ప ఇంత మందాన పరిచి, దానిమీద బొంత వేసేవారు మా నాన్న. ధనుర్మాసం మంచులో కూడా చలి తెలిసేది కాదు" అనిరి. ఆ మాటలో శాస్త్రమంతయు ఉన్నది. నిద్రసంచిలోని దూది ఉబ్బి, దానిలో గాలి నిలిచినప్పుడే వెచ్చదనమిచ్చును; మనిషి బరువు క్రింద నలిగిన భాగము పలుచని గుడ్డతో సమానమగును. నేలమీద పరుండినవానికి నేల చలి తగులును గాని, మంచెపై పరుండినవానికి క్రిందుగా గాలి నిరంతరము వీచుచు ఒంటి వేడిని ఎత్తుకొని పోవును. వేడి దేశమున వరమైనది చలి దేశమున శాపమగుట ఇందువలననే.

ఆ ఉదయముననే చిన్నవాని డేరాలోని రబ్బరు చాపను తీసి మంచెపై పరచితిమి. దానిపై, అత్తగారు పాత చీరెలు మడతలు వేసి స్వహస్తములతో కుట్టి పిల్లల కొరకు తెచ్చిన బొంత. మేము దానిని కారు సీటు మాయకుండుటకు క్రింద వేసియుంటిమి! దానిని దులిపి తీయునపుడు వారి ముఖము చూచుటకు మాకు ధైర్యము చాలలేదు. మూడవ యేర్పాటుగా ఒక దుప్పటిని మంచె కాళ్లచుట్టు కట్టి, క్రింది గాలిని ఆపితిమి. కిటికీలన్నియు మూయుటచే ఊపిరి తేమ లోపలి గుడ్డపై నీటిబొట్లై నిలిచియుండెను గావున, ఈ మారు పైన రెండు వ్రేళ్ల సందు విడువ నిశ్చయించితిమి.

ఇక లోయ మాట. ఆ దృశ్యమును వర్ణించుటకు మాకు శక్తి చాలదు. పొడవు 446 కిలోమీటర్లు, లోతు సుమారు 1,600 మీటర్లు. అడుగున కొలరాడో నది సన్నని దారమువలె కనుపించును. ఆ నదియే లోయను తొలిచినది. ఒడ్డు వెంట చదునైన కాలిబాటలో కొంత భాగమునకు కాలపు బాట అని పేరు. అందు ఒక్కొక్క మీటరు పది లక్షల సంవత్సరములకు గుర్తు. ప్రక్కన లోయలోని రాళ్ల నమూనాలను నిలిపియున్నారు. చేత తాకి చూడవచ్చును. మేము గ్రామము వైపు కొసనుండి అత్తగారిని మెల్లగా నడిపించుకొని పోయితిమి. అన్నిటికంటె అడుగున నుండు నల్లని రాళ్లలో ఒకదానికి విష్ణుశిల యని పేరు. వయస్సు సుమారు 170 కోట్ల సంవత్సరములు. దానికి జోడుగా బ్రహ్మశిల, రామశిల యనునవియు కలవు. క్లారెన్సు డటను అను భూగర్భశాస్త్రజ్ఞుడు 19వ శతాబ్దమున ఈ లోయను పరిశోధించుచు, గోపురమువలె నిలిచిన ఒక శిఖరమునకు విష్ణ్వాలయమని పేరు పెట్టెను. తరువాత ఆ పేరే రాతికిని వచ్చినది. ఈ సంగతి చెప్పగా అత్తగారు ఆ రాతిమీద చేయి యుంచి, చాలసేపు మాటలాడక నిలుచుండి, "మీ మామగారు ఉంటే ఎంత సంతోషించేవారో" అనిరి. అంత మాత్రమే.

పరదేశపు శాస్త్రజ్ఞుడు మన దేవుని పేరు పెట్టుటకు వేల యేండ్ల ముందునుండియు ఈ లోయ హవసుపాయి మొదలగు ఆదిమ జాతులవారి ఇల్లు. 1919లో ప్రభుత్వమువారు దీనిని జాతీయోద్యానముగా ప్రకటించిరి. నేటికిని పదునొకండు తెగలవారికి ఈ లోయతో సంబంధము కలదు. తూర్పు కొసన, డెసర్టు వ్యూ అను చోట, 21 మీటర్ల యెత్తైన రాతి గోపురమొకటి నిలిచియున్నది. అచటి ప్రాచీన జాతుల కట్టడములను చూచి, ఆ పద్ధతిలో దానిని రచించినది మేరీ కోల్టరు అను శిల్పి, 1932లో కట్టబడినది. స్త్రీలు శిల్పవృత్తిలో అరుదుగా నున్న కాలమున ఈ యొడ్డున పెక్కు కట్టడములు ఆమె రచించినవే యని చెప్పగా, అత్తగారు తల పైకెత్తి చూచి, "ఆవిడా మంచె కట్టిందన్నమాట" అనిరి.

రెండవ రాత్రి వేడినీళ్ల సీసాను గుడ్డలో చుట్టి పాదములవద్ద ఉంచి, అత్తగారిని పరుండబెట్టితిమి. ఈ ఉద్యానమున దీపములు తక్కువగా నుంచి, ఉన్నవానికి మూతలు పెట్టి, ఆకాశపు చీకటిని కాపాడుదురు. పైకప్పు తీసివేయగా తెరలోనుండి నక్షత్రములు వడియబోసినట్లు కనుపించెను. అమ్మాయి మంచె అంచున కూర్చుండగా, నాయనమ్మ వేలు చూపి సప్తర్షులను, వసిష్ఠుని చెంత అరుంధతిని చూపుచుండిరి. ఆ పిల్ల పుట్టి పెరిగినది ఈ దేశమే. అరుంధతిని చూచుట అదే మొదలు. ఆ రాత్రి మేము మూడు మారులు లేచి పోయి చూచితిమి. మూడు మారులును అత్తగారు గాఢనిద్రలో నుండిరి.

తెల్లవారునపుడు వారు మెల్లగా కారు అద్దమును వ్రేలితో తట్టిరి. మంచెకు కొంత దూరమున, పైను చెట్ల నడుమ, ఎల్కు అను పెద్ద దుప్పి మేయుచుండెను. ఆ జంతువులకు 30 మీటర్ల దూరమున నుండవలయునని నియమము. మేము కదలక, చప్పుడు చేయక చూచితిమి. అది తనంతట తానే వెడలిపోయినది. "చేలో పడ్డ గొడ్డును తోలకుండా చూస్తూ కూర్చోవడం నా జన్మలో ఇదే మొదలు" అని అత్తగారు తెరలోనుండి గుసగుసలాడిరి.

ఇట్టి మంచమును కొనదలచు సోదరీమణులకు మా యనుభవమునుబట్టి కొన్ని మాటలు. ఇది కారు పోవు చోటికే గాని, మోసికొని కొండ లెక్కుటకు తగదు. కొనకముందు కారులో దానికి చోటున్నదో లేదో కొలిచి చూచుకొనవలయును. మోయగల బరువును, అంచున కూర్చుండి లేచుటకు వీలైన యెత్తును విచారింపవలయును. చదునైన నేలపై, కారునకు చాటుగా నిలుపవలయును. ఈదర గాలి వీచు చోట త్రాటితో కట్టవలయును. లోపల తినుబండారము లెన్నడును ఉంచరాదు. వాసనకు జంతువులు చేరును. వేసవిలో గుడ్డ చాలును. చలిలో మాత్రము పైకప్పుకొనుదానికంటె క్రింద పరచుకొనుదానియందే ఎక్కువ శ్రద్ధ వహింపవలయును. మన అరకులోను, లంబసింగిలోను శీతకాలపు రాత్రులు గడపదలచువారికిని ఇదే మాట వర్తించును. అన్నిటికంటె ముఖ్యము, పెద్దలను పరుండబెట్టిన రాత్రి ఒక మారైన లేచి పోయి చూడవలయును. చలి వేయుచున్నదని వారు చెప్పరు.

అత్తగారు జూనులో స్వదేశమునకు పోయిరి. పోవునపుడు బొంతను మరల మడిచి మంచె సంచిలోనే పెట్టి, "ఇది దీనితోనే ఉండాలి" అని చెప్పి పోయిరి. ఇప్పుడును ఫోనులో పిల్లల క్షేమము, వంటల సంగతి అయిన తరువాత, "మంచె ఎక్కడైనా వేశారా?" అని అడుగుచుందురు. వారు మరల వచ్చువరకు దానిని మూలను పడవేయక, ఏటికి రెండు మారులైన బయటికి తీయుచున్నాము. తీసినప్పుడెల్ల మొదట పరచునది ఆ బొంతయే.